ఎసరు మరిగేలోపు ఒక గడి

నేను కొనిచ్చిన మంచి అట్ట డైరీని మా అత్తయ్య కుంటి స్టూలు కాలి కింద ఎత్తుగా పెట్టింది. "పేజీలు నింపే తీరిక మీ టీచర్లకుంటుంది గాని, నాకెక్కడిదమ్మాయ్?" అంది. ఆమె రాతంతా వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీదే. రోజుకో గడి, గడిలో పట్టినంత మాట. పక్కనే మేకుకు దారంతో కట్టిన పెన్ను. పొద్దున్నే ఎసరు మరిగేలోపు నిన్నటి సంగతి రాసేసి, బియ్యం పోసేది.

మిరపకోతల రోజుల్లో ఆమె చేతి ఘాటు పెన్నుకూ అంటేది. కొత్తలో తెలియక దానితో ఏదో ఫోన్ నంబరు రాసుకుని కన్ను నలుపుకున్నాను. బడికి ఏడ్చుకుంటూ వెళ్ళాను. "కోడలు మిరప పెన్ను ముట్టింది. కన్ను పోలేదు" అని రాసింది మహాతల్లి.

రోజూ రాసే ఆ రాతకో కారణం ఉంది. ఏటా డిసెంబరు చివర్లో మా ఇంట్లో కృతజ్ఞతా కూటం పెడతాం. పాస్టరు గారూ చుట్టాలూ వస్తారు. ఇంట్లో ఒక్కొక్కరం లేచి, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. "అప్పటికప్పుడు తడుముకుంటే ఏం గుర్తొస్తాయి? ఏడాది పొడుగునా ఏరి పెట్టుకోవాలి" అనేది. గేదె ఈనిందనో, వాన రాకముందే కల్లంలో కాయల మీద పట్టాలు కప్పామనో, నాలుగు ముక్కలు. కూలీలతో సమానంగా వంగి కాయ కోసి, ఇంటికొచ్చి ఇంతమందికి వండే మనిషి ఒక్క గడీ వదలకపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఒక ఏడు మిరప పూత మీద తామరపురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. చివరికి తోటంతా దున్నించేశాం. మామయ్య మాట్లాడటం మానేశాడు. రోజూ ఒక్కడే వెళ్ళి ఆ ఖాళీ చేను గట్టు మీద కూర్చునేవాడు. మిగిలిన పురుగుమందు డబ్బాలను అత్తయ్య చప్పుడు కాకుండా వాళ్ళ తమ్ముడింటికి పంపేసింది. మా అందరి భయమూ ఒకటే. ఎవరమూ నోటితో అనలేదు.

డిసెంబరు ఆఖరుకొచ్చింది. "ఈ ఏడు కూటం లేదు. ఏం మిగిలిందని చెప్పుకుంటాం?" అన్నాడు మామయ్య.

అత్తయ్య క్యాలెండర్ తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఏవయ్యా, నా కళ్ళజోడు కనపడట్లేదు. కాస్త చదివిపెట్టు" అంది. కళ్ళజోడు ఆమె నెత్తి మీదే ఉంది.

ఆయన విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. "తోట దున్నించాం. ఆయన పొలం నుంచి ఇంటికొచ్చాడు." తర్వాతి గడిలో, "ఆయన ఇంటికొచ్చాడు." దాని పక్కన, "చీకటి పడ్డాక వచ్చాడు. అన్నం తిన్నాడు." మళ్ళీ, "ఇంటికొచ్చాడు." నిన్నటి దాకా అదే మాట.

"నేను సాక్ష్యం చెప్పుకోడానికి అది చాలయ్యా" అంది అత్తయ్య. ఆ క్షణంలో ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

మామయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పాస్టరు గారికి ఫోన్ చెయ్యండి" అన్నాడు. తర్వాత నావైపు చెయ్యి చాచి పెన్ను అడిగాడు. దారం తెంపి తెచ్చిచ్చాను. ఖాళీగా ఉన్న ఆ రోజు గడిలో, వంకరటింకర అక్షరాలతో ఆయనే రాశాడు: "ఇంట్లోనే ఉన్నాను."