ఉతకకూడని జెర్సీ

ఖతార్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో నేను పదకొండేళ్ళుగా బట్టలుతుకుతున్నాను. గడ్డి మరకకు వెనిగర్, నెత్తుటికి చన్నీళ్ళూ ఉప్పూ, చెమట కంపుకు ఎండ. జెర్సీని తిరగేసి మిషన్‌లో వెయ్యాలి, లేకపోతే వీపు మీది అంకె పగిలిపోతుంది. ఇవన్నీ ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉన్నప్పుడు నా లుంగీ కూడా నేనెప్పుడూ ఉతుక్కోలేదు. మా ఆవిడ మాత్రం అడిగినవాళ్ళందరికీ "మా ఆయిన దుబాయ్‌ల ఫుట్‌బాల్ కంపెనీల ఆఫీసర్" అని చెప్పుకునేది. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. ఆఫీసర్ సంగతి నేనూ దిద్దలేదు.

మ్యాచ్ చూడకపోయినా ఎవరెలా ఆడారో బట్టలే నాకు చెప్పేస్తాయి. నిక్కరు తుంటి దగ్గర పచ్చగా ఉంటే జారి బంతి లాక్కున్నాడని అర్థం. మోకాళ్ళ దగ్గర సాక్సులు పచ్చగా ఉంటే గోల్ కొట్టి సంబరంగా జారాడని. ఇస్త్రీ మడత నలగకుండా వస్తే బెంచీ మీద కూర్చుని వచ్చాడని. ఒక సీజన్‌లో నెలల తరబడి మడత నలగని జెర్సీలే తెచ్చిచ్చినవాడు మా స్వీడన్ కెప్టెన్.

నిజానికి అతను జట్టు కెప్టెన్ కాదు. ఇక్కడ ఆటగాళ్ళందరినీ కెప్టెన్ అనే పిలుస్తారు. అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఒక్క సీజన్ ఒప్పందం మీద మా దగ్గరికి వచ్చాడు. పదహారేళ్ళకే వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళ జట్టులో ఆడాడట. ఆ వయసులో నేను పదో తరగతి లెక్కల పరీక్ష రెండోసారి రాస్తున్నాను. మిగతావాళ్ళు విప్పిన బట్టలు నేల మీద విసిరేసి పోతే, ఇతను తనవి మడిచి లాండ్రీ కిటికీ దాకా తెచ్చి, "సారీ మై ఫ్రెండ్, ఈరోజు కూడా నీకు పని పెట్టలేదు" అని నవ్వేవాడు. బాధను అలా నవ్వుతో దాచుకునే మనిషంటే నాకు భలే ఇష్టం.

సీజన్ చివరికొచ్చాక కోచ్ మనసు మార్చుకుని అతన్ని ఆడించాడు. మొదటి మ్యాచ్‌కే నిక్కరు నిండా గడ్డి మరకలు. వాటిని చూసి నాకు కలిగిన ఆనందం నా జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు. అదే ఊపులో, ఆ మర్నాడే, చెయ్యరాని పని చేశాను.

డ్రెస్సింగ్ రూమ్‌లో అతని చోట కొక్కేనికి, నేను అంతకుముందెప్పుడూ చూడని ఒక తెల్ల జెర్సీ వేలాడుతోంది. మా క్లబ్బుది కాదు. పాతకాలపు మందపాటి గుడ్డ, మోచేతులకూ పొట్ట మీదా ఎండిపోయిన నల్లటి మట్టి. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు ఎదుటి జట్టువాళ్ళతో జెర్సీలు మార్చుకుంటారు. అలా వచ్చినవి నేనే ఉతికి ఇవ్వడం మా దగ్గర మామూలు. ఇది కూడా అలాంటిదే అనుకుని పట్టుకుపోయాను.

ఆ మట్టి ఎంత మొండిదో! మూడుసార్లు నానబెట్టాను. ఏషియన్ టౌన్ బజారులో కొన్న తెల్లసబ్బు సగం అరగదీశాను. పళ్ళ బ్రష్షుతో దారం దారం తోమాను. చివరికి అది మల్లెపువ్వులా తేలింది. ఇస్త్రీ చేసి, అదే కొక్కేనికి తగిలించి, అతను వచ్చేదాకా పొగడ్త కోసం అక్కడక్కడే తచ్చాడాను.

అతను వచ్చి చూశాడు. జెర్సీని చేతుల్లోకి తీసుకుని వాసన చూసి, మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎవరు ఉతికారు?"

"నేనే కెప్టెన్! మూడుసార్లు నానబెట్టాను" అన్నాను హుషారుగా.

అప్పుడు చెప్పాడు. అది అతని మొదటి మ్యాచ్ జెర్సీ. పదహారేళ్ళప్పుడు, వానలో, చివరి పది నిమిషాలు ఆడించారట. బురదలో పడుతూ లేస్తూ ఆడాడట. ఆ మట్టితోనే మడిచి సంచిలో పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళుగా ఏ దేశంలో ఆడినా, మ్యాచ్‌కు ముందు దాని మీద ఒక్కసారి చెయ్యి వేసి బయల్దేరేవాడట. "నీ తప్పు కాదు. నేనే చెప్పి ఉండాల్సింది" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది, నా ప్రాణం కాస్త కుదుటపడేది.

క్లబ్బు బస్సు నడిపే అన్న ఒకాయన ఉన్నాడు, అమలాపురం వైపు మనిషి. ఆయనతో తప్ప ఎవరితో చెప్పుకోను?

"ఏంటి తమ్ముడూ, మొహం అలా వేలాడేసుకున్నావ్? మరక వదల్లేదా?"

"వదిలింది అన్నా. మంచిగ వదిలింది. గదే నా పానం తీస్తుంది."

విషయం విని ఆయన కాసేపు నవ్వి, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. "ఈ మ్యాచ్ బాగా ఆడేస్తే ఆయనే మర్చిపోతాడులే, ఊరుకో" అన్నాడు.

కానీ ఆ మ్యాచ్ బాగా ఆడలేదు. పాసులన్నీ అవతలివాళ్ళకే పోయాయి. సగంలోనే బయటికి పిలిచేశారు. ఇంకా రెండే మ్యాచ్‌లు ఉన్నాయి. సీజన్ అయిపోగానే ఆట మానేస్తానని అతను అప్పటికే చెప్పేశాడు. అంటే ఆ మనిషి పద్దెనిమిదేళ్ళ ఆట నా సబ్బు వల్ల బెంచీ మీద ముగియబోతోంది. అతను తెచ్చిచ్చిన జెర్సీ మడత సగమే నలిగింది. దాన్ని పట్టుకుని నేను నిజంగానే ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం అతను ఫోన్ పట్టుకుని సరాసరి నా గదిలోకి వచ్చాడు. మేనేజరుకు చెప్పేశాడు, నా పని ఖల్లాస్ అనుకున్నాను. ఫోన్ తెర మీద తెల్లజుట్టు పెద్దావిడ కనిపించింది. "మా అమ్మ. జెర్సీ సంగతి చెబితే, ఉతికినతన్ని చూపించమని ఒకటే పట్టు పట్టింది" అన్నాడు.

ఆవిడ నన్ను చూసి తలూపి, కొడుకుతో వాళ్ళ భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. వింటూ వింటూ అతను నోరు తెరిచాడు. తర్వాత నా మాసిన బట్టల బుట్టలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఏమీ అర్థం కాక ఒకసారి ఫోన్ వంకా ఒకసారి అతని వంకా చూశాను.

సంగతేమిటంటే, ఆ జెర్సీని ఆవిడ మొదటిరోజే ఉతికేసిందట! తెల్లవారి కొడుకు మంచం మీద నుంచే "అమ్మా, నా జెర్సీ ఉతకొద్దు, ఆ మట్టి అలాగే ఉంచుకుంటాను" అని అరిచే సరికి అది పెరట్లో దండెం మీద ఆరుతోంది. ఆవిడ ఏం చేసిందంటే, కొడుకు బడికి వెళ్ళగానే పెరట్లో బంగాళాదుంపల మడి తడిపి, జెర్సీని అందులో వేసి తొక్కి, ఎండబెట్టి, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు మడిచి చేతికిచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఆ రహస్యం కడుపులో దాచుకుంది. తను చేసిన తప్పుకే ఇంకొకడు బాధపడుతున్నాడని తెలిసి, ఇక దాచలేకపోయింది.

"నువ్వు వదిలించింది మా అమ్మ దుంపల మట్టి!" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళూ నేను దణ్ణం పెట్టుకుని ఆడింది దానికి!"

ఆవిడ అక్కణ్ణుంచి ఇంగ్లీషులో, "అంత బాగా ఎలా వదిలించావు?" అని అడిగింది. మిగిలిన తెల్లసబ్బు ముక్కా పళ్ళ బ్రష్షూ తెర ముందు పెట్టి చూపించాను. ముగ్గురం నవ్వుకున్నాం. 

తర్వాతి మ్యాచ్‌లో చివరి అరగంట ఆడించారు. దేని మీదా చెయ్యి వెయ్యకుండానే మైదానంలోకి పోయాడు. నిక్కరు పచ్చిగడ్డి మోపులా వచ్చింది.

ఆఖరి మ్యాచ్‌కు వాళ్ళమ్మే వచ్చింది. అల్ సద్‌లో హోటల్ నుంచి మా బస్సు అన్నే తీసుకొచ్చాడు. అతను తొంభై నిమిషాలూ ఆడాడు. గెలిచాం. అందరూ ఆ చివరి జెర్సీ కోసం ఎగబడ్డారు, ఎవరికీ ఇవ్వలేదు. కాసేపటికి తల్లీకొడుకులిద్దరూ నా లాండ్రీ తలుపు దగ్గర నిలబడ్డారు. జెర్సీ ఆవిడ చేతిలో ఉంది.

నేను మిషన్ వైపు తిరగబోతే ఆవిడ ఆపింది. నెమ్మదిగా, ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుని చెప్పింది. ఆ మొదటి మ్యాచ్ అయిన వారానికే క్లబ్బువాళ్ళు పిల్లాణ్ణి హాస్టల్‌కు తీసుకుపోయారట. మళ్ళీ అతని ఆటబట్టలు ఆవిడ చేతికి రానేలేదు. "ప్రతి ఊళ్ళో నీలాంటివాళ్ళెవరో ఉతికారు. నేను ఉతికింది ఆ ఒక్కటే. అదీ దాచుకోవాల్సి వచ్చింది. ఇది నేను ఉతకనా?"

నా గదిలో మేనేజరు కూడా దేనికీ చెయ్యి తగిలించడు, నేను ఊరుకోను. కానీ ఆవిడ అలా అడిగేసరికి పక్కకు జరిగి దారిచ్చాను. "దా అమ్మా" అని మన భాషలోనే అనేసి, బకెట్‌లో నీళ్ళు పట్టి, ముందు స్టూలు వేశాను. ఆవిడ చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని, జెర్సీ తిరగేసి నీళ్ళలో ముంచింది. తిరగెయ్యమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అతను తలుపుకు ఆనుకుని కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

ఉతుకుతూ ఉతుకుతూ తల తిప్పకుండానే ఏదో అంది.

"ఏమంటున్నారు?" అని అడిగాను.

"సాక్సులు కూడా ఇమ్మంటోంది" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి విప్పి వాళ్ళమ్మ చేతికిచ్చాడు.