దర్జీ కుట్టిన బెర్రీ పై

ఈ భూమ్మీద బెర్రీ పై అనే పండ్ల రొట్టె చేయడం తెలిసిన మొనగాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాతయ్య. మిగతావాళ్లు చేసేవన్నీ ఉత్త పిండిముద్దలు. ఆయన వంటింట్లో అడుగుపెట్టగానే ఓవెన్ తనంతట తానే వేడెక్కిందంటే నమ్మండి. నలభై ఏళ్లు దర్జీగా చొక్కాలు కుట్టిన ఆ మనిషి అంతకుముందు నీళ్లు కూడా కాచి ఎరగడన్నది చాలా చిన్న విషయం.

సంగతేమిటంటే, అమ్మమ్మ మెట్ల మీద జారి కుడిచేతికి సిమెంటు కట్టు వేయించుకుంది. ఆరు వారాలు తీయకూడదన్నారు. అందాకా వంటకు తన తమ్ముణ్ణి పిలిపిస్తానంది. తాతయ్య గుండె జారిపోయింది. ఆ బావమరిది వంట బ్రహ్మాండంగా చేస్తాడు గానీ, నోరు మూయడు. పోయినసారి నాలుగు రోజులుండి, తన మోకాలి నొప్పి చరిత్రను మూడుసార్లు మొదటినుంచీ వినిపించాడు.

"నేనున్నానుగా! వంటెంత, చొక్కా కుట్టినంత," అన్నాడు తాతయ్య.

"అలాగా? అయితే నేను చేసే బెర్రీ పై చేసి చూపించండి. కింద ఒక పొర, మీద ఒక పొర, మధ్యలో పండ్లు. కుదిరిందా, సరే. లేదా, నాలుగింటికి మావాడికి ఫోన్ చేసి రమ్మంటా."

తాతయ్య మెడలో టేపు వేసుకుని రంగంలోకి దిగాడు. మైదాలో చల్లటి వెన్న నలిపి, నీళ్లు చిలకరించి, రెండు ముద్దలు చేశాడు. రేకు పళ్లేనికి చుట్టుకొలత తీసి, సుద్దతో గోడ మీద రాసుకున్నాడు. అడుగుపొర పరిచి, చక్కెర కలిపిన బెర్రీలు పోశాడు. మీద పొరను మాత్రం, తడిస్తే కుంచించుకుపోతుందని రెండంగుళాలు ఎక్కువ కత్తిరించాడు. ఎక్కువైన అంచును చుట్టూ కుచ్చులు పోశాడు.

"ఏవండీ, దానికి లంగా కుడుతున్నారా?" అంది అమ్మమ్మ కుర్చీలోంచి. "మీద నాలుగు గాట్లు పెట్టండి, ఆవిరి బయటికి పోవాలి."

పెట్టాడు. మామూలు గాట్లా! నాలుగూ ఒకే వరుసలో, ఒకే పొడవున, అచ్చం చొక్కా బొత్తాల కాజాలు. కాజాలు ఖాళీగా ఉంటే దర్జీ ప్రాణం ఊరుకుంటుందా? మిగిలిన పిండితో నాలుగు బొత్తాలు చేసి, ఒక్కోదాన్నీ గట్టిగా బిగించి, అమ్మమ్మ చూసేలోపు ఓవెన్‌లో తోసేశాడు.

పావుగంటకు మీద పొర ఉబ్బడం మొదలుపెట్టింది. విందు భోజనం చేసిన లావుపాటి పెద్దమనిషి చొక్కాలా బిగుసుకుంది. టప్! ఓ బొత్తం ఊడి ఓవెన్ అద్దానికి కొట్టుకుంది.

"ఏమిటది?"

"ఏం లేదులే."

టప్! టప్!

"ఏం లేకుండానే ఇంత చప్పుడా?"

నాలుగోది ఊడేసరికి ఎర్రటి రసం బుస్సుమని పొంగింది. అమ్మమ్మ లేచొచ్చి అద్దంలోంచి తొంగిచూసింది.

"బొత్తాలు పెట్టారా? తినేదానికి బొత్తాలేమిటండీ!" అంటూ, నవ్వాపుకోలేక కట్టు చేతిని పట్టుకుని నేల మీద కూలబడింది.

నాలుగైంది. తాతయ్య ఒక ముక్క కోసి, ఫోను వంక చూడకుండా ఆమె నోట్లో పెట్టాడు. పొర కరకరలాడింది. అమ్మమ్మ నింపాదిగా నమిలి, నంబరు నొక్కింది. తాతయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు రానక్కర్లేదురా. మీ బావ వండుతారు. రుచా? రుచి సంగతి అలా ఉంచు, నేనింతలా నవ్వి పదేళ్లయింది."

తాతయ్య గెలిచాడు. గెలిచాడు గనక ఆరు వారాలు పూటపూటా తనే వండాలని ఆయనకు అప్పుడు తట్టింది. మొహం వాడిపోయింది.

"తాతయ్యా, రేపు పొద్దున టిఫినేంటి?" అని అడిగాను.

"పెట్టింది తిను. లేకపోతే పస్తుండు."