బొంగు జారిన చేతులు

మాది తర్లుపాడు దగ్గర పల్లె. పలకల గనిలో కొలతలు లెక్కగట్టడం నా పని. ఆ ఏడు మరియమాత పండుగకు తేరు మొదట ఏ వీధికి పోవాలని మా గుడిలో పంతం వచ్చింది. మా వీధికీ కింద వీధికీ దూరం సమానంగా వచ్చేలా నేనే దారి కొలిచి చెప్పాను. పూజ మధ్యలోనే కింద వీధి ఇనాసి బావ లేచాడు.

"ఏంది బావా నీ కొలత? మా వీధి నీ కంటికి ఆనలేదా?"

మా తమ్ముడు చిన్నప్ప అడ్డం మాట్లాడాడు. అంతే, తేరు మోసే వెదురు బొంగులు లేచాయి. ఇనాసి బావ కొట్టిన దెబ్బకు తమ్ముడు తల పగిలి బలిపీఠం ముందు కూలిపోయాడు. నేను వాడి మీద పడి కాచుకున్నాను.

"లెయ్ బావా! లేకుంటే నీదీ పగులుద్ది!" అని బావ మళ్లీ బొంగెత్తాడు.

అప్పుడే ఫాదరు గారు మైకులో, ప్రతి పూజలో శాంతి కోరుతూ చెప్పే మాటే గట్టిగా అన్నారు: "ఒకరికొకరు సమాధానం ఇచ్చుకోండి!"

ఆ మాట వింటే పక్కవారికి చేతులు జోడించడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. బావ చేతులు వాటంతటవే కలిశాయి. బొంగు జారి నా వీపు మీద పడింది. జోడించిన చేతులకేసి ఆయన బిత్తరపోయి చూశాడు.

"చూస్తావేంది బావా, పట్టు! మార్కాపురం పోవాల," అన్నాను తమ్ముణ్ని లేపుతూ.

ఆటోలో తమ్ముడి తల బావ ఒళ్లోనే ఉంది. ఆసుపత్రిలో నర్సు మా ముగ్గురి నెత్తుటి చొక్కాలు చూసి అడిగింది: "దెబ్బ ఎవరికి తగిలిందన్నా?"

"మాకేనమ్మా," అన్నాడు బావ.

కుట్లు పడ్డాయి, తమ్ముడు బతికాడు. సంఘమంతా ఒకే శరీరమన్న బైబిలు వాక్యం ఎన్నోసార్లు విన్నాను. అది నాకు అర్థమైంది మాత్రం బావ నోటి ఆ ఒక్క మాటతోనే.