తాతాజీ గారి చుక్కల అక్షరాలు

తెల్లవారగానే గోదావరిలో మూడు మునకలు వేసి వచ్చి, కాఫీ అయినా ముట్టకుండా, గళ్ళ కాగితం మీద చుక్కలతో ‘శ్రీ’ రాయడం తాతాజీ గారి అలవాటు. రాజమండ్రిలో ఇరవై ఏళ్ళు కొట్లకూ లారీలకూ కుంచెతో పేర్లు రాసిన మనిషి. ఆ పని తగ్గిపోతే, ఎలక్ట్రానిక్స్ కొట్టు గణేష్‌బాబు గౌరవంగా పిలిచి కుర్చీ వేశాడు.

రెండువేల మూడో సంవత్సరం పుష్కరాలు దగ్గరపడ్డాయి. ఒక ఘాట్‌లో, తప్పిపోయినవాళ్ళ పేర్లు చూపించే ఎర్రదీపాల బోర్డు గణేష్‌బాబు చేస్తున్నాడు. దానికి ఇంగ్లీషు అక్షరాలు సిద్ధంగా వచ్చాయి, తెలుగువి లేవు. పదహారు వరసల్లో ఏ చుక్క వెలగాలో తాతాజీ గారు గీసిస్తే అతను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. సోమవారానికి కుదరకపోతే ఇంగ్లీషే నడుపుతామని ఘాట్ వాళ్ళు చెప్పేశారు.

పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు ఇంగ్లీషులో తమ పేరు ఎలా పోల్చుకుంటారు? ఆ బెంగ ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు వరసలుగా పేర్చేవారు. ఆడవాళ్ళ పేర్లలో సగానికి చివర ‘మ్మ’. ఆ కింది ఒత్తు ఎంతకీ లొంగలేదు. కుంచె ఒంపు రావాలని చుక్కకు చుక్క కలుపుతూనే పోయారు.

శనివారం కొట్లోనే బోర్డు వెలిగించి, రోడ్డు అవతల జామకాయలమ్మే తలుపులమ్మను కేకేశారు. వయోజన బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి ఆమె.

“పిన్నిగారూ, ఏముందో చదవండి!”

“ఏంటి బాబూ అది? బెల్లమ్ముక్కకి చీమలు పట్టినట్టుంది!”

గణేష్‌బాబు పకపకా నవ్వాడు. తాతాజీ గారి మొహం చూసి తలుపులమ్మ గొంతు తగ్గించింది.

“ఊడ్పుల్లో మొక్కకీ మొక్కకీ ఎడం ఉంటేనే కదండీ గాలాడేది. కాస్త పల్చన చెయ్యండి.”

తాతాజీ గారు కాగితం మీద ఒక్కో చుక్కా తీసి పల్చన చేస్తే, గణేష్‌బాబు మళ్ళీ ఎక్కించాడు. ఒంపు పోయింది, ఒత్తు విరిగినట్టయింది. దగ్గర నుంచి చూస్తే ఆయనకే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ గోడకు ముక్కు ఆనించి రాసినవారు, మొదటిసారి రోడ్డు దాటి, ఆమె బుట్ట పక్కన నిలబడి చూశారు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది: “సూ... రమ్మ. సూరమ్మ!” ఉప్పుకారం అద్దిన జామముక్క ఆయన చేతిలో పెట్టింది.

అది తిన్నా ఆయన మనసు నిలవలేదు. ఇక్కడ బుట్ట దగ్గర నింపాదిగా చదివింది సరే, జనంలో అయినవాళ్ళు కనబడక కంగారుపడే మనిషికో?

“పిన్నిగారూ, ఒక్క సాయం చేస్తారా? సోమవారం బోర్డు ఘాట్‌లో వెలిగించి చూస్తాం, రండి. బుట్ట దగ్గర మా ఆవిడ కూర్చుంటుంది. స్నానాల జనంలో ఎక్కడో దూరంగా నిలబడండి. పేర్లు చాలా వేస్తాను. మీ పేరు కనబడితేనే బోర్డు దగ్గరికి రండి. కనబడకపోతే మాత్రం, నామీద జాలిపడి రావద్దండీ.”