నూనె మిల్లు మ్యూజియం కోసం ఫహాహీల్ నుంచి రుమైథియా దాకా

రాయచోటిలో మూతపడిన ఒక వేరుశనగ నూనె మిల్లును పిల్లల మ్యూజియంగా మార్చాలని మా స్నేహితులం కొందరం చాలాకాలంగా అనుకుంటున్నాం. అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించే మ్యూజియం కాదు. పిల్లలు గానుగ తిప్పి, కప్పీతో బస్తా పైకి లాగి, ఇసుకలో కాలువలు తీసి ఆడుకునే చోటు. మిల్లు యజమాని అద్దె లేకుండా ఇస్తానన్నాడు, కానీ తెరిచాక మూసేయకూడదని షరతు పెట్టాడు. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు ఏటేటా ఎక్కడినుంచి వస్తాయో ముందే చెప్పమన్నాడు. మీటింగులో ఈ మాట ఎత్తిన ప్రతిసారీ "కువైట్ వాళ్ళు ఇస్తార్లే" అనేవారు. ఇస్తారా, ఎన్నాళ్ళు ఇస్తారు అని కువైట్‌లో పనిచేస్తున్న ఆ మా ఊరివాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. లెక్కలు చూసే పని నాది కాబట్టి చెన్నైలో విమానం ఎక్కి, కువైట్‌లోని ఫహాహీల్‌లో నర్సుగా చేస్తున్న చెల్లెలి దగ్గరికి విజిట్ వీసా మీద వెళ్ళాను.

దిగగానే చెల్లెలు హెచ్చరించింది. "అక్కా, ఇక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేస్తే కేసవుతుంది. అభిప్రాయం అడుగు, డబ్బు మాత్రం ముట్టుకోవద్దు." సరేనని శుక్రవారం ఉదయం మార్కెట్ పక్క చాయ్ దుకాణంలో సుబ్బరాయుడిని కలిశాను. మా ఊరివాడే. వెల్డరుగా వచ్చి ఇప్పుడు చిన్న కాంట్రాక్టరు అయ్యాడు.

"మిషన్లు, రంగులు, గేటు అన్నీ నేనే చేపిస్తా మేడమ్. మా నాయన పేరు పెడితే చాలు" అన్నాడు.

"మరి రెండో ఏడాది జీతాలు?"

"ఒగసారి నిలబెడితే అదే నడుస్తాదిలే మేడమ్."

అదే ఎలా నడుస్తుందో ఆయన చెప్పలేదు.

మధ్యాహ్నం ఫహాహీల్ నుంచి నగరం వైపు వెళ్ళే బస్సెక్కాను. టికెట్టు అర దినారులోపే, ప్రయాణం దాదాపు గంట. రుమైథియా దగ్గర దిగి, లోపలి వీధికి టాక్సీ మాట్లాడుకుంటే దినారున్నర తీసుకున్నాడు. అక్కడ ఒక కువైటీ ఇంట్లో వంటచేసే రమణమ్మ, సందు చివరి కిరాణా కొట్టు ముందు నాకోసం నిలబడి ఉంది. మా చెల్లెలికి తెలిసిన మనిషి, మా రాయచోటి వైపే.

"నాలుగింటికల్లా మామా రమ్మనింది అక్కా, బిరీన చెప్పు" అంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. "ఆడ ఏముంటాది?"

గానుగ గురించీ కప్పీ గురించీ చెప్పాను. సగం వినగానే ఫోను తీసి ఊళ్ళో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసింది. నాలుగో తరగతి పిల్ల, పేరు హర్షిత. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

"అన్నీ ముట్టుకోవచ్చా? ఎవురూ అరవరా?" అని అడిగింది ఆ పిల్ల. అరవరన్నాను. "అయితే ఎప్పుడు తెరుస్తారు?" అంది. లెక్కలు కుదరగానే అన్నాను.

రమణమ్మ ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "రెండేండ్లకొక తూరి పోతా అక్కా. మొదటి దినం నా దగ్గరికే రాదు. బట్టల షాపుకు పిల్చుకపోతా, ఐస్‌క్రీం తినిపిస్తా, ఆడికి ఖలాస్. ఇంగ ఏం మాట్లాడుకోవాల్నో ఇద్దరికీ తెలీదు. ఇట్లాంటిది ఉంటే పగలంతా ఆడనే ఉంటాం."

నెలనెలా కొంచెం ఇవ్వగలవా అని మొహమాటపడుతూనే అడిగాను.

"ఇస్తానని చెప్తే తప్పకూడదు గదా. కఫీల్, అదే ఈ ఇంటాయన, ఈడ ఉండేదానికి ఇఖామా రెన్యూ చేయకుంటే నేనే ఊరికి పోవాల. అప్పుడు మీ కరెంటు బిల్లు ఎవురు కడతారు? టికెట్టు పెట్టు అక్కా, వచ్చినప్పుడు కొనుక్కుంటాం."

తిరుగు బస్సులో కూర్చుని, మా ప్లానులో అన్నిటికన్నా పెద్ద ఆదాయంగా రాసుకున్న "గల్ఫ్ నెలవారీ విరాళాలు" కొట్టేశాను. టికెట్లు, బడి పిల్లల ట్రిప్పులు మిగిలాయి. వాటితో మిల్లు మొత్తం కాదు, ముందున్న గోడౌను నడుస్తుందేమో అనిపించింది.

సాయంత్రం సుబ్బరాయుడిని మళ్ళీ కలిశాను. గేటూ రంగులూ వద్దు, ఆ డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేస్తే వడ్డీతో ఒక మనిషి జీతం వెళ్తుందన్నాను.

"గేటుంటేనే గదా మేడమ్ పేరు కనపడేది?" అన్నాడు.

పిల్లతో ఏం మాట్లాడాలో తెలీదన్న రమణమ్మ మాటలు చెప్పాను. "మా పిల్లోడు కూడా ఫోన్లోనే బాగా మాట్లాడతాడు" అన్నాడు. ఆ నెలలోనే ఊళ్ళోని తన ఖాతా నుంచి మేం పెట్టుకున్న ట్రస్టుకు డిపాజిట్ డబ్బు పంపాడు. పేరు సంగతి మళ్ళీ ఎత్తలేదు. గోడౌను లోపల చిన్న పలక మీద వాళ్ళ నాయన పేరు మేమే రాయించాం.

ఇప్పుడు గోడౌను వారానికి మూడు రోజులు తెరుస్తున్నాం. వెనక మిల్లుకు ఇంకా తాళమే. వచ్చేవాళ్ళలో కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన తల్లులూ తండ్రులూ ఉంటారు. పిల్లలతో పాటు కప్పీ తాడు లాగుతూ, మొదట్లో మౌనంగా, తర్వాత పోటీలు పడుతూ గడుపుతారు. టికెట్ల డబ్బు జనం తగ్గే వానాకాలంలో సరిపోతుందో లేదో నాకింకా తెలియదు. కానీ ఆ తాడు దగ్గర నిలబడితే మాత్రం ఈ చోటు ఎందుకుండాలో ఎవరికీ వివరించే పని ఉండదు.

మీరూ ఇలాంటి పని మీద కువైట్ వెళితే, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఏ గంట తీరికో ముందే కనుక్కుని, వాళ్ళుండే వీధికే మీరు వెళ్ళండి. ఆ గంటలో సగం వాళ్ళు పిల్లలతో ఫోన్లో మాట్లాడుకోవడానికి వదిలేయండి.