ఫిర్యాదులో ఒక ఖాళీ

ఆ వకీలు తన గుమాస్తాను పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. కాగితం ఆలస్యమైతే గాడిద, తప్పు దొర్లితే పంది. అలా పిలుస్తూ కళ్లజోడును నుదుటి మీదికి నెట్టడం ఆయన అలవాటు. ఒకనాడు ఆసుపత్రి ఆయా వచ్చి, పైఅధికారి తనను నలుగురిలో పంది అన్నాడని ఏడ్చింది. వకీలు మండిపడుతూ ఫిర్యాదు చెబుతుంటే గుమాస్తా టైపు చేశాడు. వకీలు కాగితం తీసి చూస్తే 'పంది' అన్న ఆ ఒక్క మాట దగ్గర ఖాళీ ఉంది.

"ఇదేంటయ్యా?"

"ఈ అక్క ఎదురుగా కూర్చుందండీ. చెయ్యి రాలేదు."

"రోజూ వినే మాటేగా నీకు!"

అన్నాకగానీ తానేమన్నాడో వకీలుకు వినబడలేదు. ఆయా తలెత్తి ముందు గుమాస్తాను, తర్వాత ఆయనను చూసింది. ఆ ఖాళీని తానే నింపుదామని వకీలు కలం తీశాడు. ఆయనకూ చెయ్యి రాలేదు.