మూత మీద ఖాళీ జాగా

దబీర్‌పురా స్టేషన్‌లో లోకల్ రైలు కోసం కూర్చున్నాను. నా భార్య పోయి నెల కాలేదు. ఆఫీసుకు మాత్రం రోజూ వెళ్తున్నాను. ఒళ్లో ఒక పంపు మూత డ్రాయింగు ప్రింటు ఉంది. మూత చుట్టూ ఉన్న బోల్టు రంధ్రాల్లో ఒకటి తీసెయ్యమన్నారు. అన్నింటినీ ఒకే స్కెచ్‌లో సమదూరంలో గీశాను కాబట్టి, కంప్యూటర్‌లో ఒకటి తగ్గించగానే మిగిలినవి జరిగి ఆ సందు పూడ్చేశాయి. ఇక ఆ మూత పంపుకు బిగియదు.

పక్కనున్న పెద్దాయన చీరల మీద ఎంబ్రాయిడరీ చేసే మగ్గం పనివాడు. సూదితో పువ్వు బొమ్మ పొడిచిన కాగితం చుట్ట ఆయన చేతిలో ఉంది. "ఏంది భాయ్, పరేషాన్‌గున్నరు?" అన్నాడు. చెప్పాను.

"మేం ఒక్క పువ్వే పొడుస్తం. గదే కాగితం జరుపుకుంట, ఆ రంధ్రాలకెల్లి చీరంత రంగు అద్దుతం. ఒక జాగల వద్దంటే ఆడ అద్దకుంట ఇడుస్తం. మిగిలినయ్ వాటి జాగలనే ఉంటయ్ కదా."

మా కంప్యూటర్ డ్రాయింగులో ఫీచర్ ప్యాటర్న్ అనే పద్ధతి కూడా అంతే. ఒక్క రంధ్రం చేసి, దాన్నే చుట్టూ తిప్పి, వద్దన్నచోట వదిలెయ్యాలి. నాకు తెలియంది కాదు. ఆ రోజుల్లో ఏదీ తట్టేది కాదు. రైలొచ్చింది. ఆయన వేరే పెట్టె ఎక్కాడు.

మర్నాడు మూత సరిచేశాను. నా భార్య పోయాక నేనూ మా పాపా దగ్గరగా జరిగి అన్నం తింటున్నాం. ఆ పూట నా కంచం తీసుకుని పాత చోటికి వెళ్లాను. పాప కాసేపు చూసింది. తర్వాత తన కంచం కూడా తన పాత చోటికి జరుపుకుంది. మా మధ్య వాళ్లమ్మ చోటు అలాగే ఉంది.